హారాన్ని ఎప్పుడు తీసేయొచ్చు?

(హైస్కూలు పిల్లలు, వాళ్ల తల్లిదండ్రుల ముందు ఒక లెక్కల మాస్టారు చేసిన ప్రసంగానికి అక్షర రూపం)

అందరికీ నమస్కారం. పిల్లలు ముందు వరసల్లో, పెద్దలు వెనక వరసల్లో, కొందరు పెద్దలైతే సరిగ్గా తలుపు పక్కనే కూర్చున్నారు. ఎందుకో నాకు తెలుసు. (నవ్వులు) మీరు కూడా కాగితం, పెన్నూ తీయండి. భిన్నాలంటే చిన్నప్పుడు పట్టుకున్న భయం ఇప్పటికీ వదల్లేదని చాలామంది పెద్దవాళ్లు నాతో అన్నారు.

మొదట ఒక చిన్న మాట. బోర్డు మీద నేను ఎక్స్ రాయను, ‘య’ రాస్తాను. 12వ శతాబ్దంలో భాస్కరాచార్యుడు తెలియని రాశిని ‘యావత్తావత్’ అన్నాడు. ఎంతయితే అంత అని అర్థం. రాసేటప్పుడు దాన్ని కుదించి ‘యా’ అని పెట్టేవారు. రెండో తెలియని రాశి వస్తే కాలకం, మూడోది వస్తే నీలకం అంటూ రంగుల పేర్లు పెట్టుకున్నారు. ఈ రోజుకు మనకు ఒక్కటి చాలు. మీ నోటుపుస్తకంలో ఎక్స్ అనే రాసుకోండి, మార్కులేమీ పోవు.

ఇప్పుడు బోర్డు చూడండి. రెండు లెక్కలు రాస్తున్నాను.

య/2 + య/3

య/2 + య/3 = 10

మొదటిదాన్ని సూక్ష్మీకరించాలి, రెండోదాన్ని సాధించాలి. మొదటిదానికి జవాబు ఎవరు చెప్తారు? ... 5య? ఇంకెవరు 5య అంటున్నారు? చేతులెత్తండి. దాదాపు సగం మంది. నేను పాఠం చెప్పిన ప్రతి క్లాసులోనూ ఇంతే. సరే, పరీక్షించి చూద్దాం. య స్థానంలో 6 పెట్టండి. 6/2 అంటే 3, 6/3 అంటే 2, కలిపితే 5. మరి మీ 5య ఎంతయింది? 30. ఐదెక్కడ, ముప్పై ఎక్కడ!

ఏం జరిగిందంటే, 2, 3ల క.సా.గు. 6తో గుణించి హారాల్ని ఎగరగొట్టారు. కానీ మొదటి లెక్కలో ఉన్నది సమాసం. అది ఒక విలువ. దాని రూపం మార్చవచ్చు, విలువ మార్చకూడదు. 6తో గుణిస్తే విలువే ఆరు రెట్లయిపోయింది. అక్కడ హారం కదలకుండా ఉండాలి. 3య/6 + 2య/6, అంటే 5య/6. అంతే జవాబు.

రెండోదాని సంగతి వేరు. అక్కడ సమానం గుర్తు ఉంది. వేల్స్‌కు చెందిన రాబర్ట్ రికార్డ్ 1557లో ఈ రెండు గీతల్ని మొదటిసారి అచ్చులో వాడాడు. ఒకే పొడవున్న రెండు సమాంతర రేఖల కన్నా సమానమైనవి వేరే ఏముంటాయన్నది ఆయన వాదన. ఆ గుర్తు ఉందంటే మన చేతిలో త్రాసు ఉన్నట్టు. ఎడమ తట్టను ఆరు రెట్లు చేస్తే కుడి తట్టనూ ఆరు రెట్లు చేస్తాం, త్రాసు అలాగే నిలుస్తుంది. 3య + 2య = 60. 5య = 60. య = 12. సరిచూడండి: 6 + 4 = 10.

అందుకే పిల్లలకు నేను ఎప్పుడూ చెప్పేది ఒకటే: లెక్క మొదలుపెట్టే ముందు ప్రశ్న చివర ఏ క్రియ ఉందో చూడండి. ‘సూక్ష్మీకరించండి’ అని ఉంటే హారం మీతోనే చివరిదాకా వస్తుంది. ‘సాధించండి’ అని ఉంటే దాన్ని తీసేయొచ్చు. తీసేయడానికి ఒక షరతుంది. ఈ రోజు నేను వచ్చిందే ఆ షరతు గురించి చెప్పడానికి. దానికి ఇంకాస్త టైముంది.

ముందు కొట్టివేత సంగతి తేల్చుకుందాం. పైనా కిందా ఒకటే కనిపిస్తే గీత పెట్టి కొట్టేయడం. ఈ మాటంటేనే నాకు పడదు. కొట్టేశాక అక్కడ ఏమీ మిగలనట్టు అనిపిస్తుంది. ఒక తమాషా చూపిస్తాను.

16/64

పైన 6, కింద 6. రెండూ కొట్టేశాను. ఏం మిగిలింది? 1/4. జవాబు కరెక్టే! 19/95లో తొమ్మిదులు కొట్టేయండి, 1/5. అదీ కరెక్టే. 26/65, 49/98 కూడా ఇలాగే కుదురుతాయి. పై సంఖ్యలో చివరి అంకెనూ కింది సంఖ్యలో మొదటి అంకెనూ కొట్టేస్తే సరైన జవాబు వచ్చేవి, ఒకటి కన్నా చిన్న రెండంకెల భిన్నాల్లో ఈ నాలుగే. ఐదోది లేదు. 13/34లో మూళ్లు కొట్టేసి 1/4 అని చూడండి, పప్పులో కాలు పడుతుంది. అంటే పద్ధతి తప్పు, నాలుగుచోట్ల అదృష్టం బాగుంది. పిల్లలతో వచ్చిన చిక్కు ఇదే. తప్పు పద్ధతి ఒక్కసారి సరైన జవాబు ఇచ్చిందా, దాన్ని ఇక జీవితాంతం వదలరు.

ఇప్పుడు (య + 3)/3. ఇక్కడ మూళ్లు కొట్టేసి య అని రాసేవాళ్లు చాలామంది. య స్థానంలో 3 పెడితే అసలు విలువ 6/3, అంటే 2. మీ జవాబు 3. ఎందుకు తేడా వచ్చింది? పైనున్న 3 కూడికలో ఉన్న పదం, గుణకారంలో ఉన్న కారణాంకం కాదు. కొట్టివేత అంటే అసలు అర్థం 3/3 = 1 అని, ఆ 1తో గుణించినా విలువ మారదు కాబట్టి రాయడం మానేశామని. అది గుణకారంలో ఉన్నవాటికే చెల్లుతుంది. (3య + 6)/3 అయితే పైన 3(య + 2) అని విడగొట్టవచ్చు. ఇప్పుడు 3 కారణాంకమైంది, కొట్టేయొచ్చు, య + 2 మిగిలింది. అందుకే బీజీయ భిన్నం కనిపిస్తే మొదట చేయాల్సింది కారణాంకాలుగా విడగొట్టడం. విడగొట్టకుండా గీత పెట్టకండి.

ఇంకొకటి, (య − 3)/(య² − 9). కింద (య − 3)(య + 3). కొట్టేస్తే పైన ఏముంది? ‘ఏమీ లేదు సార్, సున్నా’ అంటారు. చూశారా, కొట్టేయడం అన్న మాట చేసే అన్యాయం! పైన 1 ఉంది. జవాబు 1/(య + 3). అలాగే (3 − య)/(య − 3) అయితే −1. ఎక్కువ చెప్పను, ఒక విలువ పెట్టి మీరే చూసుకోండి.

ఇదే భిన్నాన్ని తిరగేసి రాస్తాను: (య² − 9)/(య − 3). సూక్ష్మీకరిస్తే య + 3. అందరూ ఒప్పుకుంటారా? సరే, కాలిక్యులేటర్ ఉన్నవాళ్లు చూడండి. య = 2.9 పెడితే 5.9 వస్తుంది. 3.1 పెడితే 6.1. రెండు రూపాలకూ ఒకే జవాబు. ఇప్పుడు సరిగ్గా 3 పెట్టండి. య + 3 అయితే 6. అసలు భిన్నం? పైన సున్నా, కింద సున్నా. కాలిక్యులేటర్ ఎర్రర్ అంటుంది. కాబట్టి జవాబు పూర్తిగా రాయాలంటే ‘య + 3, య ≠ 3’ అని రాయాలి. ఆ చిన్న తోకను గుర్తుపెట్టుకోండి, మళ్లీ దాని దగ్గరికి వస్తాం.

సున్నాతో భాగించడం దగ్గర తడబడింది మన పిల్లలొక్కరే కాదు. 628లో బ్రహ్మగుప్తుడు సున్నాను కూడా ఒక సంఖ్యగా తీసుకుని దానికి లెక్కల నియమాలు రాశాడు. అంతటివాడు కూడా సున్నాను సున్నాతో భాగిస్తే సున్నా అన్నాడు. భాస్కరాచార్యుడు హారంలో సున్నా ఉన్న రాశికి ‘ఖహరం’ అని పేరు పెట్టి, దానికి ఎంత కలిపినా తీసినా మారదన్నాడు. సృష్టి ప్రళయాల్లో ఎన్ని జీవులు వచ్చినా పోయినా అనంతుడు మారనట్టుగా అని పోలిక చెప్పాడు. పోలిక గొప్పగానే ఉంది. కానీ నేటి బీజగణితం అంత దూరం వెళ్లదు. ‘ఆ భాగహారానికి అర్థం ఇవ్వలేదు’ అని ఆగిపోతుంది. కింద సున్నా వచ్చిన చోట భిన్నమే లేదు.

కూడికలు, తీసివేతలు త్వరగా చూసేద్దాం.

1/(య − 2) − 4/(య² − 4)

హారాలు రెండూ గుణించేసి ఉమ్మడి హారం చేస్తే కింద మూడో ఘాతం వస్తుంది. చివరికి జవాబు వస్తుంది గానీ, ఈలోపు పేజీ నిండుతుంది. విడగొట్టి చూస్తే య² − 4 లోపల య − 2 అప్పటికే ఉంది. క.సా.గు. అంటే (య − 2)(య + 2) చాలు. పైన య + 2 − 4, అంటే య − 2. అది కిందున్న య − 2తో పోతే 1/(య + 2). మొదట్లో రాసుకున్న నిషేధాలు మాత్రం అలాగే ఉంటాయి: య 2 కాకూడదు, −2 కాకూడదు. భిన్నాలకు క.సా.గు. వాడటం కొత్త విషయమేమీ కాదు. 9వ శతాబ్దంలో మహావీరాచార్యుడు దానికి ‘నిరుద్ధం’ అని పేరు పెట్టి వాడాడు. ఆయన గ్రంథాన్నే 11వ శతాబ్దంలో పావులూరి మల్లన తెలుగు పద్యాల్లోకి తెచ్చాడు.

తీసివేతలో ఒక గుంట ఉంది. (2య + 1)/4 − (య − 3)/4. ఎక్కువమంది (య − 2)/4 అని రాస్తారు. అసలు జవాబు (య + 4)/4. భిన్నం గీత కనిపించని బ్రాకెట్టు. దాని పైనున్నదంతా ఒక్క మూట. మైనస్ ఆ మూట మొత్తానికి తగులుతుంది. అందుకే −3 కాస్తా +3 అవుతుంది. ఈ గీత కూడా మొదటి నుంచీ లేదు. మన పాత రాతప్రతుల్లో లవం పైన, హారం కింద, మధ్యలో గీత లేకుండానే రాసేవారు. గీత మనకు కనిపించేది 12వ శతాబ్దంలో, మొరాకో వైపు గణితవేత్త అల్ హస్సార్ రాతల్లో. గీత లేని రోజుల్లో మైనస్ దగ్గర పిల్లలు ఎన్ని తిప్పలు పడ్డారో!

ఇక సమీకరణాలు. ముందు హారంలో సంఖ్యలే ఉన్నవి. భాస్కరాచార్యుడి లెక్కల పుస్తకం లీలావతిలోని తుమ్మెదల లెక్క మీలో కొందరైనా వినే ఉంటారు. ఒక తుమ్మెదల గుంపులో ఐదోవంతు కడిమి పూలకు వెళ్లాయి. మూడోవంతు శిలీంధ్ర పూలకు వెళ్లాయి. ఆ రెండు భాగాల తేడాకు మూడు రెట్లు కొండమల్లెలకు వెళ్లాయి. ఒక్క తుమ్మెద మాత్రం ఎటు పోవాలో తేలక గాలిలో తిరుగుతోంది. మొత్తం ఎన్ని?

య/5 + య/3 + 3(య/3 − య/5) + 1 = య

15తో రెండు వైపులా గుణించండి. రెండు వైపులా అంటే ప్రతి పదాన్నీ. ఆ ఒంటరి తుమ్మెదను కూడా! అక్కడే చాలామంది 1ని 1గానే వదిలేస్తారు. అది 15 కావాలి. 3య + 5య + 6య + 15 = 15య. 14య + 15 = 15య. య = 15. మూడు, ఐదు, ఆరు, ఒకటి, కలిపితే పదిహేను.

ఒక ముచ్చట చెప్పనా? భిన్నం అన్న సంస్కృత మాటకు విరిగినది అని అర్థం. ఆల్జీబ్రాకు మూలమైన అరబ్బీ మాట ‘అల్ జబ్ర్’కు ఉన్న అర్థాల్లో విరిగిన ఎముకను అతికించడం ఒకటి. ఆ లెక్కన ఈ రోజు మనం చేస్తున్నది కట్టు కట్టే పనే. (నవ్వులు)

ఇంతవరకు భయం లేదు. 15తో గుణించాం, 15 ఎప్పటికీ సున్నా కాదు. హారంలోకి య వచ్చి కూర్చున్నప్పుడే అసలు సమస్య. ఇప్పుడు రాసే లెక్క వల్ల నేను ఒకసారి పిల్లల ముందు తెల్లమొహం వేశాను. పాఠాలు చెప్పడం మొదలుపెట్టిన కొత్త రోజులు.

య/(య − 2) − 8/(య² − 4) = 2

బోర్డు మీద గబగబా చేశాను. క.సా.గు. (య − 2)(య + 2)తో గుణించాను. య(య + 2) − 8 = 2(య² − 4). విప్పితే య² + 2య − 8 = 2య² − 8. ఎనిమిదులు రెండు వైపులా పోయాయి. య² = 2య. రెండు వైపులా యతో భాగించాను. య = 2. కింద రెండు గీతలు కొట్టి, చాక్‌పీస్ దులుపుకొని తిరిగాను. రెండో బెంచీలో ఒక అమ్మాయి లేచి, ‘మాస్టారూ, 2 వేస్తే కింద సున్నా వస్తోందండీ’ అంది.

నిజమే. య − 2 సున్నా, య² − 4 కూడా సున్నా. నేను రాసిన జవాబును ఆ సమీకరణం అసలు గడప కూడా తొక్కనివ్వదు. టెన్షన్‌లో ‘అయితే దీనికి సాధన లేదు’ అనేశాను. అదీ తప్పే! ఆ రాత్రి ఇంట్లో కూర్చుని మళ్లీ చేస్తే గానీ తెలియలేదు. మీరు కనిపెట్టారా?

(సభ నుంచి ఒక విద్యార్థి: యతో భాగించకూడదు సార్, య సున్నా కావచ్చు.)

శభాష్. య² − 2య = 0. య(య − 2) = 0. కాబట్టి య = 0 లేదా య = 2. సున్నా వేసి చూడండి. మొదటి భిన్నం 0. రెండోది 8/(−4), అంటే −2. 0 − (−2) = 2. సరిగ్గా సరిపోయింది. అంటే ఒక్క లెక్కలో నేను నిజమైన మూలాన్ని బయటికి గెంటేసి, దొంగ మూలానికి పీట వేశాను. గెంటేసింది యతో భాగించినప్పుడు. దొంగను రానిచ్చింది (య − 2)(య + 2)తో గుణించినప్పుడు. పైగా జవాబు సున్నా వస్తే ఏదో తప్పు చేశామని పిల్లలకు ఒక అనుమానం. హారం సున్నా కాకూడదు గానీ, య సున్నా కావడానికి ఏ అడ్డూ లేదు.

దొంగ ఎలా వస్తాడో ఇంకొంచెం చూద్దాం, ఈ లెక్కలకు ఆయువుపట్టు ఇదే. 5 = 7 అన్నది అబద్ధం. రెండు వైపులా సున్నాతో గుణించండి. 0 = 0. నిజమైపోయింది! సున్నాతో గుణిస్తే ఎంత పెద్ద అబద్ధమైనా నిజం అయిపోతుంది. మనం య − 2తో గుణించినప్పుడు, య 2 కాని చోట్ల అది మామూలు గుణకారమే, వెనక్కి భాగించుకుని రావచ్చు. సరిగ్గా 2 దగ్గర మాత్రం తెలియకుండానే సున్నాతో గుణించాం. వెనక్కి రావడానికి దారి లేదు. ఇందాక చెబుతానన్న షరతు ఇదే: తీసేస్తున్న హారం సున్నా కాదని ముందే రాసుకుని మరీ తీయాలి. లెక్క మొదటి వరసలోనే ‘య ≠ 2, య ≠ −2’ అని రాయండి. చివర్లో వచ్చిన జవాబుల్ని ఆ వరసతో పోల్చండి. అరనిమిషం పని.

ఒక్కోసారి మొత్తం జవాబే దొంగ కావచ్చు. య/(య − 3) = 3/(య − 3) + 2. గుణిస్తే య = 3 + 2(య − 3), అంటే య = 2య − 3, అంటే య = 3. అది మొదటి వరసలోనే నిషేధించిన విలువ. కాబట్టి సాధన లేదు. ఇది రాయడానికి పిల్లలు జంకుతారు. జంకొద్దు, అదీ జవాబే.

ఇంకో రకం తిరస్కారం కూడా ఉంది. దీన్నీ దాన్నీ కలిపేయకండి. రెండు పంపులు కలిసి ఒక ట్యాంకును 6 గంటల్లో నింపుతాయి. రెండో పంపు ఒక్కటే అయితే మొదటిదాని కన్నా 5 గంటలు ఎక్కువ పడుతుంది. ఒక్కోదానికి ఎంత సేపు?

1/య + 1/(య + 5) = 1/6

6య(య + 5)తో గుణిస్తే 6(2య + 5) = య² + 5య. సర్దితే య² − 7య − 30 = 0. (య − 10)(య + 3) = 0. 10, −3. పది వేస్తే 1/10 + 1/15 = 1/6, బాగుంది. మరి −3? ‘దొంగ మూలం’ అంటున్నారు. పరీక్షించారా? −1/3 + 1/2 = 1/6. సమీకరణానికి అది నిఖార్సయిన మూలం! దాన్ని వద్దన్నది సమీకరణం కాదు, కథ. మైనస్ మూడు గంటల్లో ట్యాంకు నిండదు కదా. ఇందాకటి 2ను హారమే గెంటేసింది, ఈ −3ను మనం గెంటేస్తున్నాం. కారణం రాసేటప్పుడు ఈ తేడా కనిపించాలి.

అడ్డగుణకారం గురించి రెండు మాటలు. ఒక భిన్నం = ఒక భిన్నం అన్నప్పుడే అది పనికొస్తుంది. మధ్యలో ప్లస్ ఉంటే చెల్లదు. భిన్నాల్ని తిరగేయడం కూడా అంతే. సైన్సులో రెండు నిరోధాల్ని సమాంతరంగా కలిపినప్పుడు విలోమాల్ని కూడతారు. 4 ఓముల నిరోధాలు రెండైతే 1/4 + 1/4. దీన్ని పదం పదం తిరగేసి 8 అనేవాళ్లున్నారు. ముందు కూడాలి, 1/2 వచ్చాక మొత్తాన్ని ఒకేసారి తిరగేయాలి. 2 ఓములు.

ఇంకో ఐదు నిమిషాలుంది. ప్రశ్నలు?

(వెనక వరస నుంచి ఒక తల్లి: మాస్టారూ, నిషేధించిన విలువలు మొదట్లోనే రాయాలన్నారు. చివర్లో జవాబు వేసి చూసుకుంటే సరిపోదా?)

మంచి ప్రశ్నమ్మా. అసలు సమీకరణంలో వేసి చూసుకుంటే సరిపోతుంది. కానీ చాలామంది సరిచూసేది చివరికి మిగిలిన వరసలో. ఇందాక గుర్తుపెట్టుకోమన్న తోక దగ్గరికి వెళ్దాం.

(య² − 9)/(య − 3) = 6

సూక్ష్మీకరిస్తే య + 3 = 6. య = 3. ఈ చివరి వరసలో వేసి చూస్తే 3 + 3 = 6, దివ్యంగా కుదిరింది. కానీ అక్కడ హారం ఎప్పుడో పోయింది, హెచ్చరించడానికి ఎవరూ లేరు. అసలు లెక్కలో 3 వేస్తే కింద సున్నా. కాబట్టి సాధన లేదు. కుడివైపు 6 బదులు 7 పెట్టండి, య = 4, హాయిగా ఉంది. 5 పెట్టండి, య = 2, అదీ బాగుంది. 5.99 పెట్టినా జవాబుంది, 6.01 పెట్టినా ఉంది. ఆ భిన్నం సంఖ్యలన్నిటినీ చేరుకుంటుంది, ఒక్క 6ను తప్ప.